రాళ్ళరేవు తెరిచిన కాటుకమ్మ

మద్దులకోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, కొండముచ్చులు, కుందేళ్ళు, ఒంటి నిండా పెంకులుండే అలుగులు కలిసి బతికేవి. ఆ అడవికి మూడు వైపులా నిట్టనిలువు కొండలు. నాలుగో వైపు నెమలేరు అనే నది. నదికి అవతల ఉన్నది ఎర్రగట్టు అడవి. వానలు వెలిసి నీళ్ళు తగ్గాక నది మధ్యలో రాళ్ళు పైకి తేలేవి. వాటి మీదుగా అవతలికి నడిచిపోవచ్చు. ఆ దారికి రాళ్ళరేవు అని పేరు.

మద్దులకోనకు పెద్ద దిక్కు కాటుకమ్మ అనే ముసలి ఏనుగు. ఆమెకు తామరమ్మ అని ఒక చెల్లెలు. తామరమ్మకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె అక్క తోకను తొండంతో పట్టుకుని, అక్క ఎటు నడిస్తే అటు నడిచేది.

ఒక చలికాలం ఆ అడవుల్లోకి రొప్పు జ్వరం వచ్చింది. రెక్కలున్న వాటికి ఆ జబ్బు అంటలేదు. నాలుగు కాళ్ళ వాటిని మాత్రం వదల్లేదు. ముందు గొంతు పొడిబారేది. తర్వాత ఒళ్ళు కాలిపోయేది. ఆపైన ఊపిరి అందక రొప్పి రొప్పి కూలబడేవి. పక్కన నిలబడి పలకరించిన వాటికి కూడా అది అంటుకునేది.

కాటుకమ్మ వెంటనే రాళ్ళరేవు మూసేసింది. ఒక మంద ఇంకో మందలో కలవకూడదని, నీళ్ళకు వంతులవారీగా రావాలని చెప్పింది. అప్పటికే కొన్ని ప్రాణాలు పోయాయి. పెంకులమ్మ అనే అలుగు తన ఒక్కగానొక్క పిల్లను పోగొట్టుకుంది. కానీ మిగిలిన అడవి నిలిచింది. చలి వెళ్ళిపోయేసరికి మద్దులకోనలో రొప్పే గొంతు ఒక్కటి కూడా లేదు.

వేసవి వచ్చింది. ఎర్రగట్టు అడవిలో ఇప్పపూలు రాలడం మొదలైంది. ప్రతి ఏడూ ఆ పది రోజులు మద్దులకోన జంతువులు గుంపులుగా నది దాటి వెళ్ళేవి. కడుపునిండా ఇప్పపూలు తిని, అవతలి జంతువులతో కలిసి ఆడి పాడి తిరిగొచ్చేవి. ఏడాదంతా ఆ ముచ్చట్లే చెప్పుకునేవి. ఈసారి గాలి అవతలి నుంచి పూల వాసన మోసుకొస్తుంటే, అవి ఇవతలి ఒడ్డున నిలబడి చూస్తూ ఉండిపోయాయి.

నెమ్మదిగా కాటుకమ్మ మీద కోపం పెరిగింది. ఆమె నీళ్ళకు వస్తే దుప్పులు మాటలు ఆపేసి పక్కకు వెళ్ళిపోయేవి. కొండముచ్చు పిల్లలు ఆమెను కాపలా ముసలిదని పిలిచేవి. కాటుకమ్మ వినపడనట్టే నడిచేది. కానీ వినపడేది. ఒకప్పుడు ఈ పిల్లలే తన వీపెక్కి ఆడుకున్నాయని ఆమెకు గుర్తొచ్చేది. అప్పుడు మేత నోటికి సహించేది కాదు.

ఒకరోజు కొమ్మరాజు అనే కొండముచ్చు అన్ని మందల పెద్దలనూ వెంటబెట్టుకుని వచ్చాడు. కొమ్మరాజు మాటకారి. అడవిలో తనకంటే తెలివైనవాడు లేడని అతని నమ్మకం.

"పెద్దమ్మా, మన అడవిలో జబ్బు లేదు. ఎర్రగట్టులో కూడా తగ్గిందని కొంగలు చెబుతున్నాయి. ఇంకా ఎన్నాళ్ళు మమ్మల్ని కట్టిపడేస్తారు?" అన్నాడు.

"తగ్గిందన్నాయా, పోయిందన్నాయా?" అని వెనక నుంచి పెంకులమ్మ అడిగింది.

"తగ్గిందంటే పోతున్నట్టే కదా."

"నా పిల్లకు కూడా ఒకరోజు తగ్గింది కొమ్మరాజూ. ఆ మర్నాడే పోయింది."

కొమ్మరాజు గొంతు సవరించుకున్నాడు. "నీ బాధ మాకు తెలుసు. కానీ ఆకు రాలినా ముడుచుకుని పడుకునే దానివి నువ్వు. నీ భయాన్ని అడవి మొత్తానికి అంటగడితే ఎలా?" అన్నాడు. కొన్ని దుప్పులు నవ్వాయి.

కాటుకమ్మ పెంకులమ్మ వైపు చూసింది. అలుగు చెప్పిందే నిజమని ఆమెకు తెలుసు. రేవు తెరవకూడదని తెలుసు. కానీ ఎదురుగా అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఒక్క మాటంటే చాలు, ఆ కళ్ళల్లో కోపం పోతుంది.

పక్కనే ఉన్న తామరమ్మ మెల్లగా అంది. "అక్కా, నాకు చూపు లేదు గానీ వీళ్ళ గొంతుల్లో దిగులు వినిపిస్తోంది. చలికాలమంతా చావులే చూశారు. పది రోజులు సంతోషంగా ఉండి వస్తే ఏమవుతుంది?"

కాటుకమ్మకు ఆ మాట చాలింది.

"సరే, వెళ్ళిరండి. కానీ ఒక షరతు. తిరిగొచ్చాక నేరుగా అడవిలోకి రాకూడదు. నది మధ్య ఇసుకతిన్నె మీద పదిహేను రోజులు ఉండాలి. ఎవరికీ జబ్బు లేదని తేలాకే ఒడ్డెక్కాలి" అంది.

అందరూ ఒప్పుకున్నారు. అందరికంటే ముందు కొమ్మరాజే ఒప్పుకున్నాడు.

"మాట తప్పితే ఏం చేస్తావు?" అని పెంకులమ్మ అడిగింది.

"మాట ఇచ్చారుగా" అంది కాటుకమ్మ.

పెంకులమ్మ తిరిగి వెళ్తూ దారిలో కుందేళ్ళ బొరియల దగ్గర ఆగింది. జబ్బు మళ్ళీ రావచ్చని, తనతో ఎవరు వస్తారని అడిగింది. నాలుగు కుటుంబాలు ఆమె వెంట కదిలాయి. వాటిని తీసుకుని కొండ మీది గుహకు వెళ్ళి, దారికి అడ్డంగా ముళ్ళకంప లాగింది.

ఆ పది రోజులూ కాటుకమ్మకు మంచి రోజులు. ప్రయాణానికి వెళ్ళలేని పసిపిల్లలు, ముసలివి అడవిలోనే ఉండిపోయాయి. అవి ఆమెను చూసి మళ్ళీ నవ్వాయి. ఆమె నీళ్ళకు వస్తే దగ్గరికొచ్చి మాట్లాడాయి. తను చేసింది మంచి పనేనని ఆమె తనకు తాను చెప్పుకుంది.

పదకొండో రోజు వెళ్ళినవన్నీ తిరిగొచ్చాయి. చెప్పినట్టే ఇసుకతిన్నె మీద ఆగాయి. రేవు దగ్గర కాపలాకు ఒక నీరుపిల్లిని పెట్టారు.

తిన్నె మీద చెట్టు లేదు. ఇసుక కాలిపోతోంది. మేత కోసం ఉండిపోయిన ముసలి ఏనుగులు ఇవతల నుంచి కొమ్మలు విరిచి నీళ్ళలో వదిలేవి. అవి అందరికీ చాలేవి కావు. మూడో రోజుకే సణుగుడు మొదలైంది. నాలుగో రోజు మధ్యాహ్నం కొమ్మరాజు లేచి, రాళ్ళ మీదుగా నడుచుకుంటూ ఒడ్డెక్కేశాడు. నీరుపిల్లి అడ్డం వెళితే దాని మీదుగా దూకి వెళ్ళిపోయాడు.

నీరుపిల్లి పరుగెత్తుకుంటూ వచ్చి కాటుకమ్మకు చెప్పింది. ఆమె వెళ్ళేసరికి కొమ్మరాజు నేరేడు చెట్టు కింద కూర్చుని, తెచ్చిన ఇప్పపూలు అందరికీ పంచుతున్నాడు. కొండముచ్చు పిల్లలు అతని మీద ఎక్కి ఆడుతున్నాయి. తామరమ్మ కూడా అక్కడే ఉంది. అతను తన చేత్తో ఆమె నోటికి పూలు అందిస్తున్నాడు.

"మా తరఫున మాట్లాడిన అమ్మవు. నీకోసమే ప్రత్యేకంగా తెచ్చాను" అంటున్నాడు.

"కొమ్మరాజూ, నువ్వు వెనక్కి వెళ్ళాలి" అంది కాటుకమ్మ.

"నాకేమీ లేదు పెద్దమ్మా. దుమ్ముకు గొంతు కాస్త పొడిబారింది, అంతే. ఇప్పుడు వెనక్కి పంపితే జబ్బు ఉందని అందరూ అనుకుంటారు. ఒక్కసారి వీళ్ళ ముఖాలు చూడండి. చలికాలం తర్వాత ఇలా నవ్వడం ఎప్పుడైనా చూశారా?"

గొంతు పొడిబారిందన్న మాట కాటుకమ్మ చెవిలో పడింది. వీణ్ణి తొండంతో పట్టి తిన్నె మీదకు విసిరేయాలనుకుంది. ఆమెకు ఆ బలం ఉంది. కానీ పిల్లలు నవ్వుతున్నాయి. చెల్లెలు పూలు నములుతూ తలాడిస్తోంది. ఆమె తొండం పైకి లేవలేదు.

ఇంతలో తిన్నె మీద ఉన్నవన్నీ రేవుకు వచ్చాయి. కాటుకమ్మ వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది. ముందున్న దుప్పి ఆమె ముఖంలోకి చూసి అడిగింది.

"కొమ్మరాజుకు ఒక న్యాయం, మాకు ఒక న్యాయమా పెద్దమ్మా?"

కాటుకమ్మ పక్కకు జరిగింది.

ఆరు రోజులకు మొదటి కొండముచ్చు పిల్ల కొమ్మ మీద నుంచి కింద పడింది. ఆ తర్వాత ఆగలేదు. కొండముచ్చుల మంద, దుప్పుల మంద, నీళ్ళ దగ్గర వాటితో కలిసినవి, ఒక్కొక్కటిగా రొప్పుతూ కూలబడ్డాయి. కాటుకమ్మ రేవు మూసింది. మందలను విడదీసింది. నీళ్ళకు వంతులు పెట్టింది. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పే ఓపిక వాటికి లేదు.

తామరమ్మకు జ్వరం వచ్చింది. రెండు రోజులు నిలబడే ఉంది. మూడో రోజు పక్కకు ఒరిగింది. పడుకున్న ఏనుగుకు ఊపిరి బరువవుతుందని కాటుకమ్మకు తెలుసు. తన తలను చెల్లెలి కింద పెట్టి లేపబోయింది. తొండంతో లాగింది. మెడ విరిగినంత పనైంది. చెల్లెలు లేవలేదు.

"అక్కా, ఎంతమంది పోయారు?" అని తామరమ్మ అడిగింది.

"ఎవరూ పోలేదు. అందరికీ తగ్గుతోంది" అంది కాటుకమ్మ.

తామరమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నాకు చూపే లేదు అక్కా, చెవులు ఉన్నాయి. పొద్దున్నుంచి ఒక్క పిల్ల అరుపు కూడా వినపడలేదు" అంది. కాసేపాగి, "నేను అడగకుండా ఉండాల్సింది" అంది.

"నువ్వు అడిగావు. తెరిచింది నేను."

తామరమ్మ తొండం చాచి అక్క తోక కోసం వెతికింది. కాటుకమ్మ వెనక్కి తిరిగి నిలబడి తోక అందించింది. సాయంత్రానికి ఆ పట్టు వదులైంది. కాటుకమ్మ మాత్రం కదల్లేదు. రెండు రోజులు అలాగే, ఎక్కడికో నడిపించడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడి ఉంది.

కొమ్మరాజు చావలేదు. అతని మందలో మిగిలింది అతనొక్కడే. ఎండిన కొమ్మల కింద తిరుగుతూ, కనపడిన ప్రతి జంతువుతోనూ "నాకు గొంతు పొడిబారింది, అంతే. అంతకుమించి ఏమీ లేదు" అని చెప్పుకునేవాడు. అతన్ని చూడగానే అవి లేచి వెళ్ళిపోయేవి. కొన్నాళ్ళకు అతను వెళ్ళేవాళ్ళ వీపులకే ఆ మాట చెప్పేవాడు.

వానలు పడ్డాయి. జబ్బు అంటుకోవడానికి ఇక ఎవరూ పెద్దగా మిగలక, అదే ఆగిపోయింది. దుప్పులు నీళ్ళకు నడిచే దారుల మీద గడ్డి మొలిచింది. అప్పుడు పెంకులమ్మ ముళ్ళకంప పక్కకు లాగి కొండ దిగింది. ఆమె వెంట కుందేళ్ళు దిగాయి. వెళ్ళినప్పటి కంటే ఎక్కువే ఉన్నాయి. గుహలో పిల్లలు పుట్టాయి.

కాటుకమ్మ ఎముకలు కనపడేంతగా చిక్కిపోయి ఉంది. పెంకులమ్మను చూడగానే తల దించుకుంది.

"ఏదో ఒకటి అను. తిట్టు" అంది.

"తిడితే ఎవరొస్తారు?" అంది పెంకులమ్మ. "ఇవి కడుపు నిండా నీళ్ళు తాగి ఎన్నాళ్ళో అయింది. ఏ మడుగు నీళ్ళు మంచివో చెప్పు."

కాటుకమ్మ చెప్పింది. కుందేళ్ళు ఆమె ముందు నుంచే నీళ్ళకు వెళ్ళాయి. వాటిలో ఒక బుజ్జి కుందేలు ఆగి, "దణ్ణం పెద్దమ్మా" అంది. ఆ పలకరింపులో కోపం లేదు.

కాటుకమ్మ పెంకులమ్మను అడిగింది. "వీటికి నువ్వు చెప్పలేదా?"

"జబ్బు వచ్చిందని చెప్పాను. నువ్వు తెలిసే రేవు తెరిచావని చెప్పలేదు. నిన్ను చూసి అవి మొహం తిప్పుకుంటే నువ్వు ఓర్చుకోలేవు. ఆ సంగతి నాకు ముందు నుంచీ తెలుసు."

కాటుకమ్మ కుందేళ్ళన్నిటినీ పిలిచింది. అవి వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నాయి.

"రేవు తెరిచింది నేను. తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. గొంతు పొడిబారినవాణ్ణి చూసి కూడా వెనక్కి పంపలేదు. మిగతావాటిని ఆపగలిగి కూడా పక్కకు జరిగాను. అందరూ నన్ను మంచిదానివి అనాలని అలా చేశాను. ఇకమీదట ఈ అడవికి పెద్ద దిక్కు పెంకులమ్మ. ఆమె వద్దంటే మీకు కోపం వస్తుంది. వచ్చినా సరే, వినండి" అంది.

గుహకు రాకుండా కిందే ఉండిపోయి ప్రాణం పోగొట్టుకున్న తన చెల్లెలిని తలుచుకుని, ఒక తల్లి కుందేలు లేచింది. పిల్లలను ముందు పెట్టుకుని వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకొకటి వెళ్ళింది. చివరికి బుజ్జి కుందేలు కూడా వెళ్ళింది. కాటుకమ్మ వాటిని పిలవలేదు. ఒక్కొక్కటీ మొహం తిప్పుకుని పోతుంటే, చివరిది కనుమరుగయ్యే వరకూ చూస్తూ నిలబడింది.

నీతి: ఆపదకాలంలో నలుగురి మెప్పు కోసం మెత్తబడే కాపలాదారు, ఆ మెచ్చుకున్నవారినే ముందుగా పోగొట్టుకుంటాడు.