నిండు గిన్నె నోము కథ

చిరకాలముగా వానలు లేక ఎండిన అడవికి, ఏటి ఆవలి గట్టున వాన కురిసినదను శుభవార్త వచ్చెను. ఆ వార్తను తెచ్చినది ఆవలి ఆశ్రమపు మునిపత్ని. ఆమె వట్టి చేతులతో రాలేదు. కొత్తనీటితో వండిన సామల పాయసమును మట్టికుండలో పోసి, మోదుగాకు మూతవేసి, నెత్తిన పెట్టుకొని ఏరు దాటి వచ్చెను. ఆమె కుండను దించి మరలిపోగా, మునులందరు పాయసమును పంచుకొని తినిరి. కుండ అడుగున మిగిలిన దానిని మాండవ్యముని వేలితో తుడిచి తిని, చేయి కడుగుకొని, శాకల్య మహర్షికి నమస్కరించి యిట్లడిగెను.

"మహాత్మా, ఇన్నాళ్ళు దుంపలు తింటిమి. ఆకలి తీరెను గాని మనసు నిండలేదు. నేడు తిన్నది పిడికెడే. అయినను మనసు నిండినది. గృహస్థుల తిండికి ఈ నిండుదనమునిచ్చు వ్రతమేది? దానిని ఎవరు చేసిరి?"

అంతట శాకల్యుడు సంతసించి, అన్నపూర్ణాదేవికి ప్రీతియైన నిండు గిన్నె నోము ఒకటి కలదనియు, అది రాబోవు యుగమున, పొగబండ్లు తిరుగు కాలమున వెలయుననియు, జరుగబోవునది తన కంటికి జరిగినట్లే కనబడుచున్నది గనుక జరిగినట్లే చెప్పెదననియు పలికి, కథను ఆరంభించెను.

కాలువ ఒడ్డున చింతలగట్టు అను చిన్న పట్టణముండెను. అక్కడి స్టేషనులో టిక్కెట్లిచ్చు గుమాస్తాగా సీతాపతి అను యువకుడు చేరెను. అతని భార్య వనజాక్షి బి.ఏ. చదివినది. వారికి పెండ్లియై ఎన్నో దినములు కాలేదు. స్టేషను వెనుక వీధిలో పెంకుటిండ్లు ఒకే వరుసగా నుండెను. ఇంటికి ఇంటికి నడుమ నడుమెత్తు గోడ. ఆ దంపతులు చివరి యింట కాపురము పెట్టిరి.

వనజాక్షికి ఆ యింట అన్నియు ముచ్చటగనే తోచెను. పెంకుల సందునుండి పొయ్యిగట్టుపై పడు ఎండపొడ ముచ్చట. తమ యిద్దరి పేర్ల తొలి అక్షరములు చెక్కించిన కొత్త చెంబు ముచ్చట. భర్త అన్నము మారు అడుగుట మరీ ముచ్చట. అయితే ఆమెకు వంట అంతంతమాత్రమే వచ్చును. అతడు మారు అడుగునది కూర రుచికి కాదని ఆమెకు తెలియును.

ఆ వీధికి ఒక ఆచారముండెను. ఏ యింట ఏ కొత్త వంటకము వండినను ముందుగా ఒక గిన్నె గోడ దాటును. అట్లు వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పోరాదు. ఏమియు లేనినాడు రెండు పచ్చిమిరపకాయలైనను, చిటికెడు పంచదారయైనను అందులో పడవలసినదే. ఈ మాట ఎవరును ఎవరికిని చెప్పరు. ఇంటిలో పెరుగుచు తెలిసికొనవలసినదే. వనజాక్షి చిన్ననాడే తల్లిని పోగొట్టుకొని హాస్టళ్ళలో పెరిగెను. అచ్చట కంచము కడిగి బోర్లించుటయే మర్యాద.

పక్కయింటి సూరమ్మ, గూడ్సు షెడ్డు మేస్త్రీ అప్పన్న భార్య, ఒకనాడు పనసపొట్టు కూర పంపెను.

"కొత్తకోడలా, ఆవ ఘాటు చూసుకుని తిను. ముక్కు పట్టుకుని ఏడిస్తే నా పూచీ లేదు" అని గోడమీదుగా అందించెను.

వనజాక్షి తినెను, ఏడ్చెను, ఏడ్చుచునే నవ్వెను. పిదప ఆ గిన్నెను చింతపండుతో, బూడిదతో తన ముఖము కనబడునంతగా తోమి, గోడపై పెట్టెను. సూరమ్మ మూత తీసి చూచెను. మూత మరల వేసి లోనికి పోయెను.

మరి కొన్నాళ్ళకు సూరమ్మ మజ్జిగపులుసు పంపెను. ఈ మారు వనజాక్షి తన సంతోషమును ఎట్లు తెలుపుటాయని చాలసేపు ఆలోచించి, మంచి కాగితముపై ముత్యములవంటి అక్షరములతో కృతజ్ఞతలని వ్రాసి, మడిచి, తోమిన గిన్నెలో వేసి పంపెను. సూరమ్మకు చదువు రాదు. అప్పన్న చదివి చెప్పెను.

"కాగితం నమిలి కడుపు నింపుకోమందా ఆ పిల్ల? మన చేతి కూడు తింటుంది గానీ, దాని చేతి కూడు మనకి పెట్టదన్నమాట" అని సూరమ్మ అనెను. సాయంకాలము కాకమునుపే ఆ మాట గోడలన్నియు దాటెను.

అయినను మనసొప్పక సూరమ్మ మూడవసారి మాగాయ పంపెను. దానిని తినుచుండగనే ఆ మాట బావికడ నుండి వనజాక్షి చెవిన పడెను. తన వంట పంపుటకు భయము. ఖాళీ గిన్నె పంపుటకు సిగ్గు. ఆమె ఆ గిన్నెను గూటిలో దాచెను. నాటినుండి ఆ యింటికి గిన్నెలు వచ్చుట మానెను.

అన్నపూర్ణాదేవి ఆ వంటింటివైపునుండి ముఖము తిప్పుకొనెను. ఎండలకు పెరుగు చేదెక్కి పాడైపోయెను. మరల పాలలో వేయుటకు మజ్జిగచుక్క ఒకరిని అడుగవలెను. ఎవరిని అడుగును? బావికడకు ఆమె పోగానే అక్కడి మాటలు ఆగిపోవుచుండెను. పప్పు ఉడకదు, ఉడికిన దానికి రుచి లేదు. సీతాపతి మారు అడుగుట మానెను. ఒకనాడు అతడు భార్య ముఖము చూచి, "వనజా, నీకీ ఊరు పడలేదు. బదిలీకి అర్జీ పెట్టేస్తాను" అనెను.

తాము వెదకి వెదకి కుదుర్చుకొన్న తొలి యిల్లు అది. వనజాక్షి పేర్లు చెక్కించిన చెంబును చేతిలోనికి తీసికొనెను.

"ఈ శుక్రవారం వెళ్ళనివ్వండి. తరవాత మీ ఇష్టం" అనెను.

మరునాటి మిట్టమధ్యాహ్నము పసుపుచీర కట్టిన ఒక ముత్తైదువ గడపకడ నిలిచి దాహమడిగెను. వనజాక్షి చెంబుతో నీరు, చిన్న బెల్లపుముక్క తెచ్చి యిచ్చెను. ఆమె నీరు త్రాగి, వంటింటివైపు చూచెను.

"ఆ గూట్లో గిన్నె నీది కాదే. అంచు మీద ఇంకెవరి పేరో ఉంది."

"పక్కింటి పిన్నిగారిదండీ. నా వంట బాగుండదు. పంపితే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ తల్లీ. ఖాళీ గిన్నె ఇంటికొస్తే, మూత తీసి చూసినవాళ్ళు నవ్వను కూడా నవ్వలేరు."

వనజాక్షి కన్నీరు పెట్టుకొని, దీనికి ఉపాయమేమని అడిగెను. అప్పుడా ముత్తైదువ నిండు గిన్నె నోము చెప్పెను. శుక్రవారమునాడు తలంటుకొనవలెను. పొరుగింటి గిన్నె అంచుకు పసుపు రాసి కుంకుమ పెట్టవలెను. తన చేత వండినది, తాను రుచి చూడకమునుపే, అందులో నిండుగ వడ్డించి ఆకుమూత వేయవలెను. వీధి వాకిట కాక పెరటి దారిన, ఎవరిచేతను పంపక తానే తీసికొని పోవలెను. వంట మంచిచెడ్డలు దేవి చూచుకొనును. ఇట్లు చెప్పి ఆమె గడప దిగెను. వనజాక్షి చూచునంతలో వీధిలో ఎవరును లేరు. ఆమె త్రాగి పెట్టిన చెంబు మాత్రము అంచువరకు నీటితో నిండియుండెను.

శుక్రవారము వచ్చెను. వనజాక్షి తలంటుకొని పరమాన్నము వండెను. అది అడుగంటెను. మరల వండుటకు పాలు లేవు. ఆమె ఒక క్షణము గూటివైపు చూచెను, గిన్నె నింపెను, పెరటి దారిన పోయెను.

"పిన్నిగారూ, గిన్నె తెచ్చానండి. కొంచెం ఆలస్యమైంది."

"కొంచెమా? అదీ నీలాగే కొత్తకాపురం పెట్టుకుందేమో అనుకుని ఆశ వదిలేసుకున్నాను" అని సూరమ్మ మూత తీసెను.

"అడుగంటిందండీ."

"గోడ అవతలనుంచే ముక్కుకి తెలిసింది. మా ఆయనకి మాడంటే ప్రాణం. నేను మాడ్చనని పెళ్ళైన దగ్గర్నుంచీ దెప్పుతున్నాడు."

వనజాక్షి తలవంచుకొని, "హాస్టల్లో గిన్నె కడిగి బోర్లిస్తే చాలండీ. నింపాలని నాకెవరూ చెప్పలేదు" అనెను.

సూరమ్మ పరమాన్నమును పళ్ళెములోనికి వంచి, ఆ గిన్నెనే కడిగి, అందులో చిక్కని మజ్జిగ పోసి చేతికిచ్చి, "పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు వెయ్యి. కుదరకపోతే గోడ మీద నుంచి కేకెయ్యి" అని చెప్పెను.

ఆ రాత్రి పాలు గడ్డపెరుగయ్యెను. సీతాపతి మారు అడిగెను. అర్జీ మాట ఇంక ఎవరును ఎత్తలేదు. గిన్నెలు మరల గోడలు దాటసాగెను.

ఇట్లుండగా ఆషాఢమాసము వచ్చెను. కొత్తకోడలు గనుక, పుట్టింట తల్లి లేని వనజాక్షి మేనత్త యింటికి పోయెను. పోవుచు, వచ్చిన గిన్నె ఖాళీగా పంపరాదని భర్తకు మరీ మరీ చెప్పెను. ఒంటరిగా నున్నాడని వీధిలోని వారందరు సీతాపతికి గిన్నెలు పంపిరి. అతడు అన్నియు తినెను, అన్నియు కడిగెను. అతనికి వంట రాదు, ఖాళీగా పంపరాదు. కావున పంపనే లేదు. ఒకదానిపై నొకటి చక్కగా బోర్లించి పెట్టెను. క్రమముగా వీధిలో గిన్నెలు అరుదయ్యెను, పిమ్మట కూరలు గోడ దాటుట తగ్గెను. చివరకు సీతాపతి యింట పాలు పొంగిపోయెను, వానకు పిడకలు తడిసెను, అతడు అటుకులు తిని కాలము గడపెను.

శ్రావణము రాగానే వనజాక్షి తిరిగి వచ్చి, వంటింట చూరు నంటుచున్న గిన్నెల దొంతరను చూచి నిలిచిపోయెను. గోడపైనుండి సూరమ్మ తొంగిచూచెను.

"వచ్చావా తల్లీ. మీ ఆయన వీధి గిన్నెలన్నీ జప్తు చేశాడు. మేం చారు చెంబులో కాచుకుంటున్నాం."

"ఖాళీగా పంపకూడదని నువ్వే కదా అన్నావు" అని సీతాపతి గొణిగెను.

వనజాక్షి నవ్వు ఆపుకొనలేక గోడ పట్టుకొనెను. తేరుకొని, వీధి పొడుగునా వినబడునట్లు చెప్పెను.

"గిన్నెలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి పిన్నిగారూ. అందుకని రేపు మధ్యాహ్నం వీధంతా మా ఇంట్లోనే భోజనం. వెళ్ళేటప్పుడు ఎవరి గిన్నె వాళ్ళకి నింపి ఇస్తాను. పరమాన్నం నేనే వండుతాను."

గోడ అవతలినుండి అప్పన్న గొంతు వినబడెను. "అడుగంటుతుందా అమ్మాయీ?"

"అంటుతుందండీ బాబాయిగారూ."

ఇట్లు కథ ముగించి శాకల్యుడు, కొత్తగా కాపురము పెట్టినవారు, ఊరు మారి వచ్చినవారు, పొరుగువారితో మాట పోయినవారు, ఒంటరిగా వండుకొని తినువారు, స్త్రీలైనను పురుషులైనను ఈ నోము పట్టవచ్చుననియు, వంట రానివారు తప్పక పట్టవలెననియు చెప్పెను. పట్టినవారి యింట పెరుగు గట్టిగ తోడుకొనును, తినువారు మారు అడుగుదురు, ఆపదవేళ గోడమీదుగా ఒక కేకకు నలుగురు పలుకుదురు. అక్షతలు తలపై వేసికొనుటకు ముందు, కథ విన్నవారు తమ వంటింటి గూటిలో ఎవరి గిన్నె యున్నదో ఒకసారి చూచుకొనవలెను.

ఆ మాట విని మాండవ్యుడు తన ప్రక్కనున్న మట్టికుండవైపు చూచెను. దాని అడుగు అద్దమువలె నుండెను. వేలితో తుడిచినది తానే. అతడు మెల్లగా లేచి, కుండను ఒడిలోనికి తీసికొని, దాని అంచుకు పసుపు రాయుచు, తోటి మునులతో ఇట్లనెను.

"రేపు తెల్లవారగనే ఏరు దాటుదము. ఈ కుండ నింపుటకు ఈ రాత్రియే దుంపలు వండవలెను. నాకు వంట రాదు, కావున నేనే వండెదను."