రాజమాత పెరడు, రాజుగారి కళ్ళగంతలు

వేగవతి ఒడ్డున ఉన్న ఒకానొక రాజ్యాన్ని అమరభూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాని ఎక్కడ ఏ గొప్ప వస్తువు చూసినా, తన కోటలో అంతకంటే గొప్పది ఉండి తీరాలనేవాడు. దానితో తనకేం పని అని మాత్రం ఆలోచించేవాడు కాదు.

ఒక ఏడు పొరుగు రాజ్యానికి పెళ్ళికి వెళ్ళి, అక్కడి ఉద్యానవనం చూసి నోరు తెరిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ తోట గీసినాయన్ని పల్లకిలో ఎక్కించుకుని మరీ తెచ్చాడు. ఆయన పేరు మార్తాండశర్మ, ఉద్యానశిల్పాచార్యుడు. చంకలో ఎప్పుడూ పటం చుట్ట, చేతిలో కొలతాడు. తాడు లాగి పట్టినట్టు తిన్నగా నడిచేవాడు.

ఆచార్యుడు కోటంతా కలయదిరిగి, రాజమాత చెంచమాంబ పెరట్లో ఆగాడు.

"నేల బంగారం ప్రభూ! పైన పెరిగిందంతా చెత్త," అన్నాడు.

ఆ చెత్తను చెంచమాంబ కాపురానికి వచ్చిన నాటినుంచీ పెంచుకుంటోంది. నూతి పక్కన కరివేపాకు, దాని మీదికి ఎగబాకిన దొండపాదు, తూము వెంట మరువం, గోడవార గోరింట, ఎవరూ వేయకుండానే మొలిచిన చంద్రకాంతలు. చిట్టచివర పొగడచెట్టు, దాని కింద రాతిబల్ల. ఆమె భర్త పెద్దరాజుగారు పొద్దున్నే సభకు వెళ్ళేముందు ఆ బల్ల మీద కాసేపు కూర్చునేవారు. ఆయన పోయి చాలాకాలమైంది.

చెంచమాంబకు ఈమధ్య మరుపు భయం పట్టుకుంది. మొదట దాసీల పేర్లు పోయాయి. తర్వాత నిన్న తిన్న కూర ఏమిటో గుర్తులేకుండా పోయింది. వాటికి ఆమె బెంగపడలేదు. కాని ఒకనాడు పెద్దరాజుగారి గొంతు తలుచుకోబోతే అది రాలేదు. ఆయన అన్న మాటలన్నీ ఉన్నాయి, గొంతు లేదు. మర్నాడు పెరట్లో రాలిన పొగడపూలు ఏరుకుంటుంటే, ఆ వాసన తగిలిందో లేదో, "చెంచూ, ఇంకా ఎంతసేపు?" అని బల్ల మీదనుంచి పిలిచినట్టే వినిపించింది. అదే గొంతు, కాస్త బొంగురుగా.

అప్పటినుంచి రోజూ వెళ్ళేది. నూతి దగ్గర కుడికి తిరగడం, తూము దాటడం, మరువం తొక్కకుండా పక్కకి ఒదగడం, అన్నీ కాళ్ళే చేసుకుపోయేవి. ఆమె ఏదీ గుర్తుపెట్టుకోనక్కరలేదు.

"ముందు సగం చేసి చూపిస్తాను," అని ఆచార్యుడు గుమ్మం వైపు సగం చదును చేయించాడు. ఒకే ఎత్తున కత్తిరించిన పొదలు వచ్చాయి. ఒక పొదను ఏనుగులా చెక్కించాడు. నడిమధ్య గుండ్రటి కొలను తవ్వించాడు. ఎక్కడెక్కడినుంచో ఎర్రపూల మొక్కలు తెప్పించాడు. వాటికి వాసన లేదు.

"వాసన ఉంటే తుమ్మెదలొస్తాయి. తుమ్మెదలు వరుసలో ఎగరవు," అన్నాడాయన.

ఆ మర్నాడు చెంచమాంబ అలవాటుగా గుమ్మం దాటింది. ఎటు చూసినా ఒకటే పొద. కొలను చుట్టూ తిరిగి మళ్ళీ కొలను దగ్గరికే వచ్చింది. కాళ్ళకు ఏమీ తెలియలేదు. నిలబడిపోయింది. చివరికి ఒక దాసి వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది.

ఈ సంగతి రాజు చెవిన పడింది.

"అమ్మా, మీ పెరట్లో మీరే దారి తప్పితే ఎలాగ? వైద్యుణ్ణి పంపిస్తాను. ఇకమీదట ఒంటరిగా బయటికి రాకండి. మిగతా సగం కూడా కొట్టించేస్తాను, చదునుగా ఉంటే మీకే హాయి."

"ఆ పొగడ ఒక్కటీ ఉంచు నాయనా."

రాజు ఆచార్యుడి వంక చూశాడు. ఆయన పటం విప్పాడు. "రాజమాతా, ఆ చోట చలువరాతి నెమలి వస్తుంది. చెట్టు ఉంటే తోక పట్టదు."

చెంచమాంబ ఆ సాయంత్రం బుచ్చన్నను పిలిపించింది. పెద్దరాజుగారి కాలం నుంచీ కొలువులో నవ్వులు పూయిస్తున్న మనిషి అతను.

"బుచ్చన్నా, నిజం చెప్పు. నాకు మతి పోతోందా?"

"మతి పోయినవాళ్ళకి ఆ మాట అడగాలని తోచదు అమ్మగారూ."

"నవ్వించకు. ఆ చెట్టు కూడా పోయిందంటే, ఆయన నాకు రెండోసారి పోయినట్టే."

బుచ్చన్న ముఖంలో నవ్వు ఆగిపోయింది. చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

మర్నాడు సభలో అందరికంటే ముందు లేచి తోటను పొగిడాడు.

"మహారాజా! ఇంతటి తోటను ఉత్త కళ్ళతో చూసి మెచ్చుకోవడం దానికి అవమానం. కళ్ళున్న ప్రతివాడూ మెచ్చుకుంటాడు. అసలైన రసికులు గంతలు కట్టుకుని తోటలో నడిచి చూస్తారట. ఆచార్యులవారికి తెలియని సంగతా?"

ఆచార్యుడు ఆ మాట పుట్టి బుద్ధెరిగి వినలేదు. కాని తెలియదు అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

"తెలియకేం? గంతల పరీక్ష! శాస్త్రంలో ఉన్నదే!"

"పరీక్షకు నిలవని తోటను తీసేయాలని కూడా ఉంది కదండీ?"

"ఉంది, ఉంది. స్పష్టంగా ఉంది."

రాజు పొంగిపోయాడు. "అయితే రెండు సగాల్లోనూ నేనే నడుస్తాను. నిలిచిందే ఉంటుంది. ఇది నా మాట!"

అందరూ పెరట్లోకి కదిలారు. చెంచమాంబ ఒక దాసి చేయి పట్టుకుని పొగడచెట్టు దగ్గరికి పోయి, దాని మాను పట్టుకుని నిలుచుంది.

గీసినవారే ముందు నడవడం మర్యాద అన్నాడు బుచ్చన్న. ఆచార్యుడు గంతలు కట్టుకుని, ఎప్పటిలాగే తిన్నగా, తిన్నగా నడిచి కొలనులో పడ్డాడు.

తర్వాత రాజు. పొదల మధ్య చేతులు చాచుకుంటూ పోయి, పోయి, పొద ఏనుగును కావలించుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు, దారికి అడ్డంగా?"

"ఏనుగు ప్రభూ. ఎంత అదిలించినా జరగదు," అన్నాడు బుచ్చన్న.

రాజుకు ఉక్రోషం వచ్చింది. గంతలు విప్పబోయాడు. "ఇంకో సగం ఉంది మహారాజా," అని బుచ్చన్న ఆయన్ని నూతి వైపు తిప్పి, చేయి వదిలేశాడు.

రాజు కదలకుండా నిలబడ్డాడు. గాలికి కరివేపాకు వాసన వచ్చింది. తల కాస్త అటు తిరిగింది. నూతిని ఆనుకుని కుడికి మళ్ళాడు. తూము దగ్గర కాలు దానంతటదే లేచింది. మరువం దగ్గర ఒళ్ళు పక్కకి ఒదిగింది. చెంచమాంబ ఆ నడకను గుర్తుపట్టింది. అది రాజు నడక కాదు. పొద్దున్నే నిద్రలేచి, కళ్ళు నులుముకుంటూ ఈ దారినే వచ్చే పసివాడి నడక.

రాజు పొగడచెట్టు కిందికి వచ్చాడు. చేత్తో తడిమి బల్ల అంచు పట్టుకున్నాడు.

"నాన్నగారూ, కాస్త జరగండి," అన్నాడు.

ఆ మాట ఆయన చెవినే పడ్డాక, చేయి ఖాళీ బల్ల మీద ఆగిపోయింది. రాజు చాలాసేపు గంతలు విప్పలేదు. గుడ్డ తడిసింది.

చెంచమాంబ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయన జరిగేవారు కాదు. నిన్నే ఒళ్ళోకి లాక్కునేవారు."

"ఇదంతా మరిచిపోయాననుకున్నానమ్మా."

"నేనూ అలాగే అనుకున్నాను నాయనా."

ఇంతలో ఆచార్యుడు నీళ్ళోడుతూ వచ్చాడు. "ఈ పరీక్ష చెల్లదు! ఇది ప్రభువులకు చిన్ననాటినుంచీ ఎరిగిన చోటు!"

"ఇంటి తోటంటే అదే కదా ఆచార్యా!" అన్నాడు బుచ్చన్న. "ఎరగని చోట తిరగాలంటే అడవికి పోతాం. దానికి పటం ఎందుకు, మీరెందుకు?"

కళ్ళు తుడుచుకుంటున్న రాజు పకపకా నవ్వాడు. నవ్వి, మెళ్ళోని ముత్యాలహారం తీసి బుచ్చన్న మెడలో వేశాడు. "ఇంకేదైనా కోరుకో!"

"ఆచార్యులవారిని పంపించేయకండి. ఆయన చేతిలో పనితనం ఉంది. గీసేముందు కొన్నాళ్ళు అమ్మగారి వెనక నడవమనండి, చాలు."

అలాగే ఆచార్యుడు కొలతాడు ఇంట్లో పెట్టి, పొద్దున్నే రాజమాత వెనక నడిచేవాడు. మొదట్లో ముఖం ముడుచుకుని నడిచాడు. ఆమె ఒక్కో మొక్క దగ్గరా ఆగి కథ చెప్పేది. నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పేది. రానురాను ఆయన విసుక్కోవడం మానేశాడు.

ఒకరోజు గోడవార ఆమె ఆగిపోయింది. మొక్క మీద చేయి ఉంది, పేరు రావడంలేదు.

"గోరింట అమ్మగారూ," అన్నాడు ఆచార్యుడు నెమ్మదిగా. "మీ చెల్లెలుగారి పెళ్ళికి వెళ్ళినప్పుడు పుట్టింటినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. దారిలో పల్లకి బోయీలు నవ్వారట."

"అవును, నవ్వారు," అంది చెంచమాంబ. బరువు దించుకున్నట్టు నిట్టూర్చింది.

ఆ తర్వాత ఆయన గీసిన పటంలో దారి నూతి దగ్గర కుడికి తిరిగింది, తూము దాటింది, మరువం దగ్గర ఒదిగింది. గుమ్మం వైపు సగంలో మళ్ళీ వాసన పూలు లేచాయి, తుమ్మెదలు ఇష్టమొచ్చినట్టు ఎగిరాయి. చలువరాతి నెమలిని గుర్రపుశాల ముందు నిలబెట్టారు.

అమరభూపాలుడు రోజూ సభకు వెళ్ళేముందు పొగడచెట్టు దగ్గరికి వచ్చేవాడు.

"అమ్మా, కాస్త జరగండి," అనేవాడు.

ఒళ్ళోని పూలు పక్కన పెట్టి, ఆమె జరిగేది.