వెనక్కి నడిచే మంగాయమ్మ, ఎదురు నడిచిన చిందు

ఇలా దగ్గరికి జరుగు. కాళ్ళు ముడుచుకో. ఇది కాస్త భయమేసే కథ, ముందే చెబుతున్నాను. మధ్యలో లేచి కూచున్నావంటే మళ్ళీ మొదటినుంచీ చెప్పేది లేదు.

అనగనగా గోదారి పాయ పక్కన ఒక ఊరు. ఆ ఊరి చివర, రేవుకి వెళ్ళే దారిలో, పాడుబడ్డ కొబ్బరికాయల కొట్టు ఒకటి ఉండేది. అందులో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి పిల్లా జెల్లా లేరు. దిక్కులేని కుక్కలన్నీ ఆవిడ దగ్గరికే చేరేవి. కుంటివి, ముసలివి, ఎవరో గోతంలో కట్టి గట్టుమీద పారేసినవి. ఆవిడ ఇంటింటికీ తిరిగి గంజి అడిగి తెచ్చి వాటికి పోసేది. కొట్టు మాత్రం ఆవిడది కాదు, మునసబుది. ఉండనిచ్చాడు కాబట్టి ఉంది. పొమ్మంటే పోవాలి. కుక్కలూ పోవాలి.

ఆ కుక్కల్లో ఒకటి చిందు. ఏడాది కూడా నిండని కుర్రకుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. కూర్చోవడం అంటే ఏమిటో దానికి తెలీదు. పరిగెత్తేవాళ్ళ వెంట పరిగెత్తేది. నిలబడ్డవాళ్ళమీద దూకేది. ఆరేసిన చీర కనిపిస్తే పట్టుకు లాగేది. ఒక్కనాడూ ఎవర్నీ కరవలేదు. అయితేనేం, మీదికి దూకే కుక్కని చూసినవాళ్ళకి దాని కోరలే కనిపించేవి. వెనకాల తోక ఊపుతోందని ఎవరు చూశారు?

ఒకరోజు మునసబు తెల్లపంచె కట్టుకుని, గొడుగేసుకుని రేవుకి పోతున్నాడు. చిందు చూసింది. ఎగిరింది. అప్పుడు మునసబు గొడుగుతో సహా కాలవ బురదలో పడ్డాడు. అక్కడున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. మునసబు లేచి, నవ్వినవాళ్ళని వదిలేసి కుక్కని పట్టుకున్నాడు.

"గవరమ్మా, ఎర్రనీళ్ళు వచ్చేలోగా దీనికి ఒక ఇల్లు చూడు. లేదా, లంకలో దింపించేస్తాను. అడ్డొచ్చావంటే నీకు కొట్టూ ఉండదు, నీ మిగతా కుక్కలూ ఉండవు," అన్నాడు.

లంకంటే తెలుసుగా? గోదారి మధ్యలో ఇసకదిబ్బ. గడ్డి తప్ప మనిషి ఉండడు. ఎర్రనీళ్ళంటే కొండల్లోంచి మట్టి కలుపుకుని వచ్చే కొత్త వరద. నిరుడు కూడా కొన్ని కుక్కల్ని అలాగే లంకలో దింపారు. రేవులో నిలబడితే వాటి అరుపులు ఇవతలికి వినిపించేవి. ఆ తర్వాత వరద లంక ఎక్కింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడొక్కటే వినిపించింది.

ఏమయ్యాయని అడక్కు. తెలిసే అడుగుతున్నావు. ఇదిగో, నా చెయ్యి పట్టుకో.

అప్పుడు గవరమ్మ చిందుని తీసుకుని బయల్దేరింది. మొదట పూతరేకులు చుట్టే సుభద్రమ్మ ఇంటికి వెళ్ళింది. "మా ఇంట్లో ఎలకలు చంపేస్తున్నాయే, ఇచ్చి పో," అంది సుభద్రమ్మ. గవరమ్మ దణ్ణం పెట్టి ఇచ్చి వచ్చింది. లోపల రేకులు తీసి, పొరమీద పొర పేర్చి, పల్చటి గుడ్డ కప్పి ఉంచారు. చిందు ఆ గుడ్డని చూసింది. ఇంకేముంది, దూకింది. దొర్లింది. తుమ్మింది. రేకులన్నీ పిండి అయిపోయాయి. మధ్యాహ్నం అన్నాల వేళకి సుభద్రమ్మ తలనిండా తెల్లటి పొడితో కొట్టు ముందు నిలబడింది.

"ఇది కుక్క కాదే తల్లీ, గాలివాన! నువ్వే ఉంచుకో!"

ఆ తర్వాత పాల కోటయ్య ఇంటికి వెళ్ళింది. కోటయ్య చిందుని గేదెల పాకలో గుంజకి కట్టేశాడు. చిందు తాడు కొరికేసి గేదెల కాళ్ళ మధ్య పరుగు పెట్టింది. గేదె తన్నింది. పాలబిందె బోర్లా పడింది. అప్పుడు కోటయ్య కర్ర తీసుకున్నాడు. ఎంత కొట్టాడో నేను చెప్పను. చిందు మూడు కాళ్ళమీద కుంటుకుంటూ తనంతట తనే కొట్టుకి వచ్చి గవరమ్మ చీర కుచ్చిళ్ళలో తల దూర్చేసింది. ఆ కోటయ్య పేరెత్తితే నా నోరు చేదెక్కుతుంది. నా కథల్లో ఆ మనిషికి ఇంకెప్పుడూ మంచి జరగదు, రాసిపెట్టుకో.

కాలు మానింది. చిందు మళ్ళీ ఎగరడం మొదలెట్టింది. గవరమ్మ వీధి వీధంతా తిరిగింది. కుక్కని చూడగానే ఇళ్ళలోవాళ్ళు తలుపులు దగ్గరికేసేసేవాళ్ళు. గవరమ్మకి అన్నం సయించడం మానేసింది. రోజూ పొద్దున్నే రేవుకి పోయి నీళ్ళ రంగు చూసుకునేది.

ఒకనాడు ముఖం కడుక్కుందామని దోసిట్లోకి నీళ్ళు తీసింది. దోసిట్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కాసేపటికే మునసబు మనిషి వచ్చాడు. "సాయంకాలం పడవ వెళ్తుంది. మామూలు తాడైతే నీ కుక్క కొరికేస్తుంది. మంగాయమ్మ చేత మోకు పేనించుకుని, దాంతో కట్టి తీసుకు రా. అయ్యగారి మాట," అని వెళ్ళిపోయాడు.

మంగాయమ్మంటే ఊళ్ళో అందరికీ భయమే. సగం ఊరితో ఆవిడ మాట్లాడదు. మిగతా సగం ఆవిడతో మాట్లాడదు. ఆవిడ దొడ్డి పొడుగ్గా, కొబ్బరిచెట్ల వరసల మధ్య సందులా ఉండేది. ఆ చివర రాట్నం. ఆవిడ కొబ్బరిపీచు ఒళ్ళో కట్టుకుని, కొంచెం కొంచెం వదులుతూ వెనక్కి వెనక్కి నడిచేది. అవతల ఒక మనిషి రాట్నం తిప్పుతుంటే పీచుకి పురి ఎక్కి తాడయ్యేది. మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆయనే తిప్పేవాడు. ఆయన పోయాక ఎందరో వచ్చారు, ఆవిడ తిట్లు పడలేక ఎందరో పోయారు.

గవరమ్మ చిందుని ఒక కొబ్బరిచెట్టుకి కట్టి, భయంభయంగా వెళ్ళింది.

"అత్తా, మోకు కావాలి."

"దేనికి?"

"ఆ కుక్కని లంకకి పంపుతున్నారు."

మంగాయమ్మ కుక్కవైపు ఒకసారి చూసింది. "రాట్నం తిప్పే మనిషి లేదు. నీ మోకుకి నువ్వే తిప్పుకోవాలి. తిప్పుతావా, పోతావా?" అంది.

గవరమ్మ తిప్పింది. ఏం చేస్తుంది మరి? అటు మిగతా కుక్కలున్నాయి. రాట్నం కిర్రుమన్నప్పుడల్లా ఆవిడ గుండె కిర్రుమంది. చిందు పీకకి పడే తాడుకి ఆవిడే పురి ఎక్కిస్తోంది కదా.

అప్పుడు టప్పున చప్పుడైంది. చిందు కట్టు కొరికేసుకుంది. వస్తోంది.

"అత్తా! కుక్క! కుక్క!"

మంగాయమ్మ రెండు చేతుల్లోనూ పీచుంది. ఆగితే తాడు చెడుతుంది. పరిగెడితే పీచు తెగుతుంది. పని చెడిపోవడం కంటే ఆవిడకి భయం ఇంకోటి లేదు. అందుకని ఆవిడ ఆగనూ లేదు, పరిగెత్తనూ లేదు. ఎప్పట్లాగే ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, వచ్చే కుక్క ముఖంలోకి చూస్తూ నడిచింది.

చిందు దగ్గరికొచ్చింది. దూకుదామని నడుం వంచింది. చూస్తే మనిషి అక్కడ లేదు, అడుగు అవతలుంది. మళ్ళీ వంచింది. మళ్ళీ అడుగు అవతలుంది. చిందుకి ఇదేమిటో అర్థం కాలేదు. అందాకా మనుషులు దాన్ని చూసి పారిపోయారు, లేదంటే కట్టేశారు, లేదంటే కొట్టారు. దాని ముఖంలోకి చూస్తూ దాంతోపాటు నడిచినవాళ్ళు ఒక్కరూ లేరు. చిందు అడుగులో అడుగు వేసింది. ముక్కు ఆవిడ ఒళ్ళోని పీచుకి తగలీ తగలకుండా దొడ్డి చివరిదాకా నడిచింది.

మోకులో ఒక పాయ పేనడం అయ్యింది. మంగాయమ్మ రాట్నం దగ్గరికి తిరిగొచ్చింది. చిందూ వచ్చింది. రెండో పాయకి మళ్ళీ నడిచాయి ఆ రెండు ప్రాణాలూ. మూడో పాయకి చిందు దూకడానికి నడుం వంచడం కూడా మర్చిపోయింది. అన్నీ కలిపి మోకు పేనడం అయ్యేసరికి చిందు వెళ్ళి రాట్నం పక్కన పడుకుంది. నిద్రపోలేదు. కళ్ళు తెరుచుకుని ఊరికే పడుకుంది.

కానీ మోకు అయిపోయింది కదా.

గవరమ్మ దాన్ని చిందు మెడకి కట్టింది. మంగాయమ్మ వద్దనలేదు. ఒళ్ళోని పీచు దులుపుకుంటూ అటు తిరిగి నిలబడింది. చిందు వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్ళింది.

రేవులో నీళ్ళు మెట్లెక్కేశాయి. పైన మబ్బు, కింద ఎర్రటి సుడులు. పడవ కట్టుకొయ్య దగ్గర ఎగిరెగిరి పడుతోంది. ఊరంతా వచ్చింది చూడ్డానికి. పడవవాడు మోకు లాగాడు. చిందు నాలుగు కాళ్ళూ మెట్టుకి ఆనించి బిగబట్టింది. కుయ్యోమంది. గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చిందు ముందు కాళ్ళు నీళ్ళలో పడ్డాయి.

"ఆగరా!"

అందరూ తిరిగి చూశారు. మంగాయమ్మ! ఏళ్ళ తరబడి రేవు ముఖం చూడని మనిషి.

"ఆ మోకు విప్పు. అది నా ఇంటి కుక్క."

మునసబు నవ్వాడు. "ఎప్పట్నుంచీ?"

"పొద్దుట్నుంచి."

"ఓహో. పొద్దుట్నుంచి నీదైతే తాడు లేకుండా నీ ఇంటిదాకా నడిపించు చూద్దాం. దారిలో ఎవరిమీదైనా ఎగిరిందో, తిరిగి పడవలోకే. సరేనా?"

"సరే. నువ్వు మాత్రం అడ్డు తప్పుకోవయ్యా," అంది మంగాయమ్మ.

పడవవాడు మోకు విప్పేశాడు. చిందు ఒళ్ళు విదిలించుకుంది. చుట్టూ జనం. జనం చూస్తే దానికి ఏమవుతుందో గవరమ్మకి తెలుసు. కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

అప్పుడు మంగాయమ్మ దారికి వీపు పెట్టి, కుక్కకి ముఖం పెట్టి, వెనక్కి నడవడం మొదలెట్టింది.

తన దొడ్డి ఆవిడ కాళ్ళకి తెలుసు. ఈ దారి తెలీదు. గతుకుల దారి, వానకి జారుడు. వెనక ఏముందో చూసుకోవడానికి తల తిప్పితే చిందు మీదనుంచి చూపు పోతుంది. గవరమ్మకి 'అత్తా, జాగ్రత్త' అని అరవాలని ఉంది. అరిస్తే చిందు ఇటు ఎగురుతుందేమో! మునసబూ, జనమూ వెనకాలే నడిచారు.

ముందు ఒక కోళ్ళ గుంపు అడ్డంగా పరిగెత్తింది. చిందు చెవులు రెండూ నిలబడ్డాయి. ఒక కాలు పైకి లేచింది. మంగాయమ్మ ఇంకో అడుగు వెనక్కి వేసింది. చిందు కాలు దించి ఆవిడ వైపే వేసింది.

ఆ తర్వాత ఒక ఎడ్లబండి గడగడలాడుతూ పక్కనుంచి పోయింది. చిందు ఒళ్ళంతా వణికింది. మంగాయమ్మ ఇంకో అడుగు వేసింది. చిందూ వేసింది.

ఆ తర్వాత, మలుపులో, మంగాయమ్మ కాలు గుంటలో పడింది. వెల్లకిలా పడిపోయింది.

"అయిపోయిందిరా," అన్నాడు మునసబు.

నేలమీద పడున్న ముసలి మనిషి. ఆవిడ ముఖానికి జానెడు దూరంలో కుక్క నోరు. గవరమ్మ పరిగెత్తబోయి తనని తానే ఆపుకుంది. చిందు నడుం వంచింది. వంచి...

కూర్చుంది.

కూర్చోమని దానికి ఎవరూ చెప్పలేదు. మంగాయమ్మ ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి కాబోలు అనుకుంది. తల పక్కకి వాల్చి, ఆవిడ ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చుంది.

మంగాయమ్మ మూలుగుతూ మోచేతిమీద లేచింది. చీరకి బురద, మోచేతికి నెత్తురు. చిందుని ముద్దాడలేదు, మెచ్చుకోలేదు. "ఊఁ, నడు," అంది. మళ్ళీ వెనక్కి అడుగేసింది. చిందు లేచి నడిచింది.

అలా ఇల్లు వచ్చింది. మంగాయమ్మ వెనక్కే గడప దాటింది. చిందు ముందు కాళ్ళు గడప దాటాయి. వెనక కాళ్ళు దాటాయి. చిట్టచివర తోక కూడా లోపలికి పోయింది.

అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి గవరమ్మ ఏడుపై బయటికొచ్చింది. మునసబు వచ్చిన దారినే పోయాడు. జనం మాత్రం కదల్లేదు. "నీకు ఎన్ని గుండెలు మంగాయమ్మా!" అని ఒకరు, "పండులాంటి కుక్క, నేనప్పుడే అన్నాను," అని ఇంకొకరు. నిన్నటిదాకా ఆ కుక్కని చూసి తలుపులేసుకున్నవాళ్ళే!

మంగాయమ్మ గుమ్మంలోకొచ్చి గవరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. మిగతావాళ్ళని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం చూస్తారు? మీకు ఇళ్ళు లేవా?" అని తలుపేసేసింది.

కథ నడిచింది కంచికి,
కుక్క చేరింది ఇంటికి,
దుప్పటి కప్పు ఒంటికి,
కునుకు రావాలి కంటికి.