కలుగులో దొడ్డివాకిలి

కోతలు ముగిసి, ధాన్యం ఇళ్ళకు చేరి, చేలల్లో మోళ్ళు మాత్రమే మిగిలిన పుష్యమాసం అది. పొలం గట్టు లోపలి కలుగులో నూకాలు అనే ఎలుక, తన ముగ్గురు పసిపిల్లలతోనూ, ముసలి అత్త సూరమ్మతోనూ కాపురముండేది. పెనిమిటిని కోతల నాడే గుడ్లగూబ ఎత్తుకుపోయింది. అతడు కూడబెట్టిన వరివెన్నులు గాదె నిండా ఉన్నాయి గనుక ఆకలికి లోటు లేదు. లోటల్లా వెచ్చదనానికే.

చలి దొడ్డివాకిలి గుండా వచ్చేది. కలుగుకు ముందొక వాకిలి, వెనుకొక వాకిలి ఉంచడం ఎలుకల ఆచారం. వెనుకదాని మీద పలుచని మట్టిపొర మిగులుస్తారు. ఆపద వస్తే దాన్ని తలతో పొడిచి పారిపోతారు. మంచు కురిసిన తెల్లవారుజాముల్లో ఆ పొర గుండా ఈదర గాలి దిగి నేరుగా పిల్లల పక్కలోకి వచ్చేది. అందరిలోకీ చిన్నదైన గింజికి దగ్గు పట్టుకుంది. నూకాలు దాన్ని పొట్ట కింద దాచుకుని, అది దగ్గినప్పుడల్లా తానే ఉలిక్కిపడేది.

అటువంటి రోజుల్లో గంగులు అనే పందికొక్కు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. రెండో పంటకు కాలువ నీరు వదలగా అతడి బొరియ మునిగిపోయింది.

"చెల్లెమ్మా, తడిసిన ఒళ్ళు ఆరేదాకా ఒక్క మూల ఇప్పించు."

"నీ ఒళ్ళు పట్టే మూల ఈ గట్టు మొత్తంలో లేదు నాయనా," అంది సూరమ్మ.

గంగులు ఆ మాట విననట్టే లోపలికి వచ్చాడు. గింజి దగ్గు విని నొచ్చుకున్నాడు.

"అయ్యయ్యో, ఈ పసిదాన్ని చేతులారా చంపుకుంటావా? ఆ దొడ్డివాకిలి మూసెయ్యరాదూ?"

"మూయకూడదు అన్నయ్యా. అత్తమ్మ ఒప్పుకోదు."

"కాపురానికి వచ్చాక నువ్వెన్నడైనా అందులోంచి బయటికి వెళ్ళావా?"

"లేదు."

"మరి?"

"నేను వెళ్ళాను," అంది సూరమ్మ. "నా పడుచుతనంలో రెండుకాళ్ళవాళ్ళు ముందు వాకిట్లో పొగ కుండ పెట్టి ఊదారు. ఆ దారి ఉండబట్టే నేను బతికాను, దీని మొగుడు పుట్టాడు."

"ఆ కాలం వేరు పెద్దమ్మా. ఎలుకలు పట్టేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? అంతా పట్నానికి కూలికి పోయారు."

గింజి మళ్ళీ దగ్గింది. తల్లి మనసుకు ఆ దగ్గే తీర్పు చెప్పింది.

"మూసెయ్యి అన్నయ్యా," అంది నూకాలు.

సాయంత్రానికల్లా గంగులు బంకమట్టి తెచ్చి దొడ్డివాకిలిని గట్టిగా మెత్తాడు. గోడ ఆరేదాకా కాపలా ఉండాలంటూ తన పక్క అక్కడే పరుచుకున్నాడు. కాపలావాడి తల గోడ వైపు కాక గాదె వైపు ఎందుకుందో నూకాలు అడగలేదు.

"దారి లేని ఇంట్లో మీ మధ్య నేను పడుకోలేను," అంటూ సూరమ్మ తన గడ్డి తీసుకుని ఉత్తరపు మూలకు పోయింది. అత్త అలిగిందనుకుంది నూకాలు. అలక తీరితే తానే వస్తుందిలే అనుకుని ఊరుకుంది.

ఇల్లు వెచ్చబడింది. గింజి దగ్గు నెమ్మదించింది. అది మామ్మ దగ్గరికి పరుగెత్తి, "నీ వీపు ఇంత చల్లగా ఉందేమిటే మామ్మా?" అని అడిగేది.

"ముసలి వీపులంతే. మీ అమ్మ దగ్గరికి పో."

"కథ చెప్పవా?"

"అక్కడ పడుకో, ఇక్కణ్ణుంచే చెబుతాను."

దూరం నుంచి చెప్పే ఆ కథల గొంతు రోజురోజుకూ సన్నబడింది. పిల్లల వెచ్చదనం చూసుకుని మురిసిపోతున్న నూకాలు దాన్ని గమనించలేదు. గాదెను మాత్రం గమనించింది. ముందు వరుసలో వెన్నులు నిండుగా ఉన్నాయి; వెనుక ఖాళీగా ఉంది.

"గంగులన్నా, వెన్నులు తగ్గుతున్నాయేం?"

"చలికాలం కదమ్మా, ధాన్యం కుంచించుకుపోతుంది."

"మరి నీ పొట్ట కుంచించుకుపోలేదేం మావయ్యా?" అంది గింజి.

"ఇది పొట్ట కాదే పిల్లా, వాపు. జబ్బుచేసినవాణ్ణి ఎగతాళి చేయకూడదు."

ఒకనాడు పొద్దెక్కి మంచు విడుతున్న వేళ, ముందు వాకిట్లో అడుగుల చప్పుడైంది. వెంటనే కమురు వాసన, ఆ వెనుకే చిక్కని పొగ.

"పొగ కుండ!" అని అరిచింది నూకాలు.

అందరికంటే ముందు పరుగెత్తినవాడు గంగులు. తాను మెత్తిన గోడను తానే గీరాడు. ఎండిన బంకమట్టి గోటికి లొంగలేదు. అతడి శరీరమే ఆ సందును నింపేసింది. పక్కనుంచి గింజికైనా చోటు లేదు. పిల్లలు ఉక్కిరిబిక్కిరవుతున్నారు.

పొగ పలుచగా ఉన్నది ఉత్తరపు మూలనే. నూకాలు పిల్లలను అటు తోసింది. "అత్తమ్మా, లే! ఇంకా అలకేనా? కాస్త జరుగు!"

సూరమ్మ జరగలేదు. నూకాలు భుజం పట్టి లాగితే, ఒళ్ళంతా ఒక్క కట్టెలా కదిలి వచ్చింది. ఆమె వీపు ఆనుకుని ఉన్న చోట ఒక సన్నని దారి కనిపించింది, కొసన పలుచని మట్టిపొర, ఆ పొర చీలికలో తెల్లని వెలుతురు.

చెబితే గంగులు చెవిన పడి అదీ మూతపడుతుందని, ముసలమ్మ ఒక్కతే ఆ దారి తవ్వింది. దాని గుండా వచ్చే ఈదర పిల్లలను తాకకుండా తన వీపునే తలుపుగా పెట్టింది.

నూకాలు తలతో పొర పొడిచింది. పిల్లలను ఒక్కొక్కరినే గడ్డిలోకి తోసి తానూ బయటపడింది. వెనుకనే గంగులు తల కన్నంలోంచి పొడుచుకొచ్చింది. తలే వచ్చింది, తిన్న ధాన్యమంతా లోపలే ఇరుక్కుంది.

"చెల్లెమ్మా, లాగవే!"

"మావయ్యను లాగుదామా అమ్మా?" అంది గింజి.

గట్టు మీద గునపం పడిన చప్పుడైంది. నూకాలు జవాబు చెప్పకుండా గింజిని నోట కరుచుకుని, మిగిలినవాళ్ళను తోలుకుంటూ మోళ్ళలోకి పరుగెత్తింది. గంగులు కేక వినిపించింది, మరి వినిపించలేదు. గాదె, పక్క, సూరమ్మ, అన్నీ గునపం పాలయ్యాయి.

ఆ సాయంత్రం మరో గట్టు బీటలో నూకాలు కొత్త కలుగు తవ్వింది. ముందు వాకిలి సరిగా తీర్చకముందే దొడ్డివాకిలి తవ్వింది. పొర గుండా ఈదర దిగింది.

"ఇక్కడ చలేస్తోందమ్మా," అంది గింజి.

"నువ్వు లోపలికి పోయి అక్కల మధ్య పడుకో," అంటూ నూకాలు తన వీపును ఆ దారికి ఆనించింది.

"నువ్వు రావా?"

"ఇక్కణ్ణుంచే కథ చెబుతాను, విను."

వాడని వాకిలి దండగని ఎవరైనా చెబితే, దాన్ని మూసేముందు అది ఎవరి ప్రాణం కాపాడిందో అడిగి తెలుసుకోవాలి.