తలుపు తట్టాడా, లేదా?

ఉరుసు పండగ రెండు రోజులుందనగా ఇమాంవలి దర్గాకు వచ్చి, ఈసారి గంధానికి తనకు వేరే జతగాణ్ణి చూడమని దర్గా గురువు హజ్రత్‌ను అడిగాడు.

ఆ దర్గాలో గంధం తీయడానికొక పద్ధతి ఉంది. ఇద్దరు శిష్యులు ఒకే సాన ముందు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు గంధపు చెక్క అరగదీస్తుంటే ఇంకొకరు పన్నీరు పోస్తూ, అరిగిన గంధాన్ని గిన్నెలోకి తీస్తుంటారు. చెయ్యి నొప్పి పుడితే మారతారు. తర్వాత ఆ ఇద్దరే ఒకే శాలువా కింద నడుస్తూ గిన్నెను ఊరేగింపులో తెస్తారు. మాటల్లేని ఇద్దరు తీసిన గంధాన్ని మాత్రం గడప దాటనివ్వరు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గాని, దాన్ని తప్పినవాళ్ళు లేరు.

ఇమాంవలి తాత ఆ గిన్నె మోశాడు, తండ్రి మోశాడు. తండ్రి పోయాక వలి మోస్తున్నాడు. ఊరేగింపు వీధిలోకి వచ్చినప్పుడు అరుగుల మీది ముసలివాళ్ళు లేచి నిలబడి, ఫలానా వాళ్ళ మనవడని వేలు పెట్టి చూపిస్తే అతని ఛాతీ నిండిపోయేది. ఆ ఒక్క సాయంత్రం కోసమే ఏడాదంతా బతుకుతున్నానని అనుకునేవాడు.

శాలువా కింద పక్కన ఎప్పుడూ ఓబులేసే ఉండేవాడు. బజారులో పూలకొట్టు అతనిది. దర్గాకు రోజూ పూలు అతనే తెచ్చి ఇస్తాడు. ఇద్దరినీ హజ్రత్ ఒకే రోజు శిష్యులుగా చేర్చుకున్నారు. ఒకే ఈడువాళ్ళు, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద సినిమాలు చూసినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకు మాటల్లేవు. మాటలు పోయింది కూడా ఒక సినిమా వల్లే.

దీనికి నవ్వేవాళ్ళు ఆ ఊరివాళ్ళయి ఉండరు. పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో సినిమా అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మిగతా ఊళ్ళలో జనం సినిమా చూసి ఇంటికి పోతారు. ఇక్కడ అయ్యవారు పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతారు. ఎంత పెద్ద హీరోకు పాలాభిషేకం చేసినవాడైనా సరే, బాగాలేకపోతే బాగాలేదని హాలు గేటు దగ్గరే మొహం మీద చెప్పేస్తాడు. ఈ ఊళ్ళో ఆడితే ఎక్కడైనా ఆడుతుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో గాని, చెప్పేటప్పుడు మాత్రం తలలు పైకి లేస్తాయి.

ఇంతమంది దిద్దేవాళ్ళలో పెద్ద తలకాయ ఇమాంవలి. మిక్సీలు బాగుచేసే అంగడి అతనికి కూడు పెడుతుందంతే, పేరు తెచ్చింది సినిమాలే. మొదటిరోజు మొదటి ఆట వదిలారంటే జనం అతని చుట్టూ మూగేవారు. వలి ఏమన్నాడన్నదే ఆ రోజుకు ఊరి ప్రశ్న. ఈ మధ్య ఫోనులో వీడియోలు కూడా పెడుతున్నాడు. కడప నుంచి, బళ్ళారి నుంచి కూడా చూసేవాళ్ళున్నారు. తన మాట తప్పదని అతనికి ఎంత గట్టి నమ్మకమంటే, వేరేగా మాట్లాడేవాళ్ళు హాల్లో నిద్రపోయి ఉంటారని నిజంగానే అనుకునేవాడు.

కొత్తగా వచ్చిన ఆ సినిమాలో ఇద్దరు అన్నదమ్ములు. అన్న లారీ డ్రైవరు. కోపంలో తమ్ముణ్ణి ఒక మాట అని ఇల్లు వదిలి పోతాడు. సినిమా అంతా తిరిగి తిరిగి, చివరికి తమ్ముడి ఇంటి ముందుకు వచ్చి నిలబడతాడు. చాలాసేపు నిలబడి, తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తుతాడు. తెర నల్లబడిపోతుంది. పేర్లు పడతాయి.

ఆ రోజు గేటు దగ్గర ఇమాంవలి ఫోను ముందు నిలబడి, అన్న తలుపు తట్టనే లేదు, ఇంతసేపు కూర్చోబెట్టి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే వదిలేస్తే అది ముగింపు ఎలా అవుతుంది, దర్శకుడికి ముగించడం చేతకాలేదు, అని తేల్చేశాడు. జనం తలలూపారు.

ఓబులేసు అతని పక్కనే ఉన్నాడు. సామాన్యంగా నోరు విప్పే మనిషి కాదు.

"తట్టినాడు కదా వలీ," అన్నాడు. "తెర నల్లగయినాక. రెండు తూర్లు. నా చెవులతో విన్నా."

అవును, మేమూ విన్నామని గుంపులో నలుగురైదుగురు అన్నారు. లేదు లేదని ఇంకొందరు అరిచారు. గుంపు అక్కడికక్కడే రెండుగా చీలింది. ఇమాంవలి మాట అయ్యాక ఆ గేటు దగ్గర ఇంకొకరి మాట నిలబడటం అదే మొదలు. అతనికి ఒళ్ళు మండింది.

"పూలు కట్టుకునేవానికి సినిమా ఏం తెలుస్తాదప్పా?" అన్నాడు ఫోను వైపు చూస్తూ. "సాయంత్రానికి వాడిపోయే సరుకు వానిది. వాని మాట కూడా అంతే."

జనం గొల్లుమన్నారు. ఓబులేసు భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ భుజం మీద వేసుకుని వెళ్ళిపోయాడు. జనం బాగా నవ్వారని ఇమాంవలి ఆ ముక్క తీసెయ్యకుండా అలాగే వీడియోలో ఉంచాడు. అంతకు ముందు పెట్టిన ఏ వీడియోనూ అంతమంది చూడలేదు.

అప్పటి నుంచి ఓబులేసు పూలు ఇమాంవలి రాకముందే దర్గాకు చేరుతున్నాయి. మనిషి మాత్రం ఎదురుపడటం లేదు.

ఈ కథంతా హజ్రత్ ముందు పెట్టి ఇమాంవలి చెప్పాడు, తాను మళ్ళీ పోయి సినిమా చూశానని, చెవులు రిక్కించి విన్నానని, తట్టిన చప్పుడు ఎక్కడా లేదని. ఇందులో నీ ఇష్టం నా ఇష్టం అని ఏమీ లేదు. ఉన్నది ఉంది, లేనిది లేదు. ఓబులేసు వచ్చి లేదని ఒప్పుకుంటే తాను మాట్లాడటానికి సిద్ధమే. ఒప్పుకోకపోతే వేరే జతగాణ్ణి చూడాలి. గిన్నె మాత్రం తన చేతిలోంచి పోకూడదు.

హజ్రత్ అంతా విన్నారు. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఒకే పచ్చ తలపాగా. ఆయన గురించి ఊరు గొప్పగా చెప్పుకునే విషయం ఒకటుంది. దర్గా వెనక గోడ, సినిమా హాలు గోడ ఒకటే. ఆయన ఆ గోడ పక్క గదిలోనే వయసు వెళ్ళదీశారు. ఊళ్ళోకి వచ్చిన ప్రతి సినిమా ఆయన చెవిన పడింది. ఒక్కటీ కంటితో చూడలేదు. పాటలన్నీ వచ్చు, పాడిన హీరో ఎలా ఉంటాడో తెలియదు. అజాన్ వేళకు హాలువాళ్ళు చప్పుడు తగ్గిస్తారు. ఉరుసు రోజు ఆటలే ఆపేస్తారు. ఎవరూ ఎవరినీ అడిగింది లేదు, అలా జరిగిపోతూ ఉంటుంది.

"రోజూ అన్ని ఆటలూ మీ చెవినే పడుతుండాయి," అన్నాడు ఇమాంవలి. "మీరే చెప్పండి హజ్రత్. తట్టినాడా, లేదా?"

హజ్రత్ గడ్డం నిమురుకున్నారు.

"సాన పట్టుకురా," అన్నారు.

తీర్పు తనవైపే వచ్చిందని ఇమాంవలికి అనిపించింది. లేకపోతే సాన ముట్టనిస్తారా? ఉత్సాహంగా పోయి సాన తెచ్చాడు, చెక్క తెచ్చాడు. ఎక్కడ పెట్టాలని అడిగితే హజ్రత్ వెనక గోడ చూపించారు. ఉరుసుకని అప్పుడే సున్నం కొట్టిన గోడ, తెల్లగా మెరుస్తోంది. ఇమాంవలి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హజ్రత్ ఎదురుగా కూర్చుని పన్నీరు బుడ్డి అందుకున్నారు. ఆయన పోస్తుంటే తాను గంధం తీయడం! తాతకు గాని, తండ్రికి గాని ఆ భాగ్యం కలగలేదు. ఇమాంవలి చొక్కా చేతులు మోచేతుల పైకి లాక్కుని మొదలుపెట్టాడు.

గోడ అవతల మ్యాట్నీ నడుస్తోంది. సినిమా చివరికొచ్చింది. చప్పుడును బట్టి ఏ సీనో అతనికి ఇట్టే తెలిసిపోతోంది. అరగదీస్తూనే హజ్రత్‌కు చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అన్న లారీ ఆపి దిగినాడు. ఇప్పుడు సందు మలుపు తిరిగినాడు. కెమెరా పై నుంచి పెట్టినారు, అది మాత్రం బాగుంది. హజ్రత్ ఊ కొడుతూ పన్నీరు పోస్తున్నారు.

కొంతసేపటికి ఇమాంవలి మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. అవతల పాట లేదు, మాటలు లేవు. ఒక మనిషి నడుస్తున్న అడుగుల చప్పుడు ఒక్కటే గోడలోంచి వస్తోంది. చూస్తున్నప్పుడు ఆ అడుగులు అతనికి ఇంత మెల్లగా వినిపించలేదు. అప్పుడు హీరో మొహం ఉంది, కెమెరా ఉంది, దిద్దడానికి ఏదో ఒకటి ఉంది. ఇప్పుడేమీ లేదు.

అడుగులు ఆగాయి.

తెర మీద ఆ తలుపు ఎర్రది. ఇమాంవలికి బాగా గుర్తు. కాని ఇప్పుడు కళ్ళముందుకు వచ్చింది ఆకుపచ్చ తలుపు. గొళ్ళేనికి మిగిలిపోయిన బంతిపూల దండ చుట్టి ఉంది. చిన్నప్పటి నుంచి ఆ తలుపు తోసుకుని లోపలికి పోవడమే గాని, దాని ముందు నిలబడింది లేదు. సాన మీద చెక్క ఆగిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దంగా ఉంది.

టక్. టక్.

ఇమాంవలి ఉలిక్కిపడ్డాడు. మరుక్షణం అతని మొహం వెలిగిపోయింది.

"విన్నారా హజ్రత్?" అన్నాడు. "సినిమాలో కాదు అది. హాల్లో ఎవడో బెంచీ మీద కొట్టినాడు. ఓబులేసు ఆ పొద్దు విన్నది ఇదే. వాడు మోసపోయింది దీనికే. నేను చెప్పలేదా?"

హజ్రత్ పన్నీరు బుడ్డి కింద పెట్టి, ఇమాంవలి భుజం పక్కగా గోడ వైపు చూశారు.

ఇమాంవలి తల తిప్పి చూశాడు. తెల్లటి సున్నం మీద, అతని చెవికి జానెడు దూరంలో, తడి గంధం మరకలు రెండు ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, వేళ్ళ కణుపులంత.

అతను తన కుడిచెయ్యి చూసుకున్నాడు. పిడికిలి ఇంకా బిగించే ఉంది. కణుపుల మీద గంధానికి సున్నం అంటుకుని ఉంది.

గోడ అవతల పేర్లు పడే పాట మొదలైంది. కాసేపటికి జనం గేటు దగ్గరికి వచ్చారు. తట్టినాడని ఒకడు, లేదబ్బా అని ఇంకొకడు, నీకు చెవుడని మూడోవాడు. ఇమాంవలి ఆ గొడవంతా కూర్చున్నచోటి నుంచే విన్నాడు. హాల్లో ఎవరు నిద్రపోయారో అతనికి ఇప్పుడు అంతుపట్టలేదు. సిగ్గు వేసింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి గాని, వాటిని తుడుచుకుంటే గంధం కళ్ళలో పడుతుందని ఊరుకున్నాడు.

హజ్రత్ అరిగినంత గంధాన్ని వేలితో గిన్నెలోకి తీశారు. గిన్నె సగం కూడా నిండలేదు.

"నాకు చెయ్యి నొప్పి పుడుతుండాది వలీ," అన్నారు. "సాన ఆరకముందే వాణ్ణి పిల్చుకురా."

ఇమాంవలి చెయ్యి కడుక్కోకుండానే బయలుదేరాడు. బజారు దాటేలోపు ఫోను తీసి ఆ వీడియోను తీసేశాడు. అతనికి అంత పేరు తెచ్చిన వీడియో అదొక్కటే. తీసేసేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగిన మాట నిజమే. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని సందు మలుపు తిరిగాడు.

ఆకుపచ్చ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ సంగతి అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత జరిగిన దాని దగ్గరే ఊరికి పేచీ వచ్చింది. ఇమాంవలి తలుపు తట్టాడని ఎదురింటి మాబున్నీ చెబుతుంది. ఆమె అప్పుడు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. కాదు, అతను చెయ్యి ఎత్తాడంతే, తట్టకముందే ఓబులేసు తలుపు తీశాడని పాలు పోసే చెన్నకేశవులు చెబుతాడు. అతను అప్పుడే సైకిలు దిగుతున్నాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు.

తలుపు తెరుచుకున్నాక జరిగిన దాంట్లో మాత్రం తేడా లేదు. ఆ మాట అనకూడనిది, తప్పయిపోయింది అని ఇమాంవలి నేల చూస్తూ చెప్పాడు. ఓబులేసు అతని చేతి మీది గంధం చూశాడు. ఎంతవరకు అయిందని అడిగాడు. సగం కూడా కాలేదంటే, తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గరగా వేసి బయలుదేరాడు.

ఆ ఏడు గంధం ఎన్నడూ లేనంత వాసన వేసింది. ఉరుసు రోజు సూర్యుడు దిగే వేళకు ఊరేగింపు బజారులోకి వచ్చింది. హాలు మూసి ఉంది. హాలువాళ్ళు కూడా గేటు ముందు నీళ్ళు చల్లి నిలబడ్డారు. పచ్చ తలపాగాతో హజ్రత్ ముందు నడుస్తున్నారు. వెనక ఒకే శాలువా కింద ఇమాంవలి, ఓబులేసు, ఇద్దరి చేతుల మధ్య గిన్నె. అరుగుల మీద ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఇమాంవలి తల ఎత్తే నడిచాడు. తాత మనవడిలాగే నడిచాడు.

హాలు గేటు దగ్గర రోజూ అతని మాట కోసం కాచుకునే గుంపులోంచి, ఓబులేసు సందులోనే కాపురముండే ఒకడు ఫోను పట్టుకుని పక్కనే నడుస్తూ వచ్చాడు. ఆ ఊరివాడు కదా, తేలని సంగతి తేల్చుకోకుండా ఉండలేడు.

"వలీ, నువ్వే చెప్పప్పా," అన్నాడు. "ఆ పొద్దు ఓబులేసు తలుపు తట్టినావా, లేదా?"

ఇమాంవలి ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు గిన్నె వైపు చూస్తున్నాడు. పెదవి చివర నవ్వు దాచుకోవడం అతనికి చేతకాలేదు.

"నువ్వు ఆ సందులోనే ఉంటివి కదా," అన్నాడు ఇమాంవలి. "నీకేం వినపడింది?"

ముందు నడుస్తున్న హజ్రత్ చెవిన ఆ మాట పడింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తలపాగా ఒకసారి సర్దుకుని, ఊరంతా చూస్తుండగా, నడుం నిటారుగా పెట్టి నడిచారు.