పాలరాతి వంటిల్లు

అనగనగా ముత్యాలగిరి అనే రాజ్యం. రాజ్యమన్నాక రాజు ఉంటాడు గదా, ఆయన పేరు విజయధవళుడు. అయితే ఈ కథ రాజుది కాదు. ముప్పై ఏళ్లు ఆయనకు వండి పెట్టిన పేరమ్మది.

పేరమ్మ వంటింట్లో మట్టి పొయ్యి, దాని పక్కన నల్లరాతి గట్టు ఉండేవి. పొద్దున్నే పొయ్యిని ఎర్రమట్టితో అలికి, ముగ్గు పెట్టి, ఆ తర్వాతే నిప్పు రాజేసేది. వంటయ్యాక గట్టును బూడిదతో తోమి కడిగేది. ఎన్ని కాగుతున్న గిన్నెలు దింపినా, ఎంత పులుసు ఒలికినా ఆ రాయి చెక్కు చెదరలేదు. ముప్పై ఏళ్లు వెల్లుల్లి దంచిన మూల మాత్రం బొటనవేలు పట్టేంత గుంట పడింది.

పేరమ్మ పులుసు కాస్తే కోట కాపలావాళ్లకు వాసనకే ఆకలేసేది. ఆ చేతిని మెచ్చి రాజు ఆమెకు వెండి గరిటె ఇచ్చాడు. దాన్ని నడుముకు దోపుకుని తిరగడం ఆమెకు కిరీటం పెట్టుకున్నంత గొప్ప.

ఒకనాడు నాగదత్తుడనే రాళ్ల వర్తకుడు తెల్లటి పాలరాతి పలక ఒకటి మోయించుకుని సభకు వచ్చాడు.

"మహారాజా! తమరు కూర్చునే చోట పాలరాయి, స్నానం చేసే చోట పాలరాయి. తినే అన్నం మాత్రం మసి పట్టిన మట్టి పొయ్యి మీదా? పొరుగు రాజులు వింటే నవ్విపోరూ!" అన్నాడు.

రాజు పుట్టి బుద్ధెరిగి వంటింటి గడప తొక్కలేదు. అయినా "నిజమే సుమా" అన్నాడు.

ఈ మాట పేరమ్మ చెవిన పడింది. కోస్తున్న నిమ్మకాయ చెక్కతోనే సభకు పరుగెత్తుకొచ్చింది.

"ప్రభూ, వంటింటికి రాయి తెచ్చేటప్పుడు మా అమ్మ దాని మీద నిమ్మచెక్క బోర్లించి జాము సేపు ఉంచేది. మచ్చ పడితే ఆ రాయిని గడప లోపలికి రానిచ్చేది కాదు. ఒక్క జాము ఓపిక పట్టండి."

నాగదత్తుడు పకపకా నవ్వాడు. "రాయికి దిష్టి తీస్తావా ముసలమ్మా? ఇంకా నయం, గుమ్మడికాయ కొడతాననలేదు!"

సభంతా నవ్వింది. రాజూ నవ్వాడు. నిమ్మచెక్క పేరమ్మ చేతిలోనే ఉండిపోయింది. మర్నాడే పలుగులు వచ్చి ఆమె పొయ్యిని పడగొట్టాయి, గట్టును పెకలించాయి. పాలరాతి పొయ్యి, పాలరాతి గట్టు వెలిశాయి.

మొదటి రోజు పప్పులో వేయబోయిన పసుపు కాస్త గట్టు మీద ఒలికింది. తుడిచినా, తోమినా పచ్చటి మరక పోలేదు.

రాజు నాగదత్తుణ్ణి పిలిపించాడు. నాగదత్తుడు నాలుక చప్పరించాడు. "రాయిదేం తప్పు మహారాజా? చేతిది తప్పు. ఇకమీదట ఈ వంటింట్లో పసుపు వాడకూడదు."

"పసుపు లేని పప్పా!" అంది పేరమ్మ.

"ఎదురు చెప్పకు" అన్నాడు రాజు. నలుగురి ముందూ మందలించాడు.

రెండో రోజు చింతపండు రసం చిందింది. తుడిచేలోగా రాయి మెరుపు పోయి, గరుకు మచ్చ పడింది.

"చెప్పానా, చేతిది తప్పు! చింతపండు కూడా మానేయాలి. నిమ్మకాయ మాట అసలే ఎత్తకూడదు" అన్నాడు నాగదత్తుడు.

"మరి పులుసు దేనితో కాచమంటారయ్యా, మీ మాటలతోనా?"

రాజుకు కోపం వచ్చింది. వెండి గరిటె వెనక్కి ఇచ్చేయమన్నాడు. చూశారా పిల్లలూ! రాయిని ఎంచింది ఒకరు, అమ్మింది ఒకరు, శిక్ష ఇంకొకరికి.

మూడో రోజు పేరమ్మ పొయ్యి రాజేసి గంజి పెట్టింది. మంట ఎగసిందో లేదో, పాలరాతి పొయ్యి ఫట్టున నిలువునా పగిలింది.

"అంత మంట పెడితే పగలదా మరి! ఈ పొయ్యిలో పెద్ద మంట పెట్టకూడదు" అన్నాడు నాగదత్తుడు, ఏమాత్రం తడబడకుండా.

రాజు మండిపడ్డాడు. "పేరమ్మా, రేపటి భోజనం పెట్టి, ఊరు విడిచి వెళ్లిపో."

పేరమ్మ ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు ఒళ్లు మండింది.

మర్నాడు రాజు ఆకు ముందు కూర్చున్నాడు. పక్కన నాగదత్తుడూ ఉన్నాడు. పేరమ్మ ఆకులో నానబెట్టిన బియ్యం వడ్డించి, పక్కన చిటికెడు ఉప్పు వేసింది.

"ఏమిటిది?" అని అరిచాడు రాజు.

"భోజనం ప్రభూ. పసుపు వద్దన్నారు, వేయలేదు. పులుపు వద్దన్నారు, ముట్టలేదు. మంట వద్దన్నారు, పెట్టలేదు. ఇవాళ మీ రాయికి కొత్త మచ్చ ఒక్కటీ పడలేదు. కావాలంటే వెళ్లి చూసుకుని కడుపు నింపుకోండి."

అప్పుడే కిటికీలోంచి ఘుమఘుమలాడే పులుసు వాసన వచ్చింది. ఆకలి మీదున్న రాజు లేచి వాసన వెంట నడిచాడు. పేరమ్మా, నాగదత్తుడూ వెనకే నడిచారు.

కోట పక్క వీధిలో నాగదత్తుడి ఇంటి ముందు ఆ వాసన ఆగింది.

"మా ఇల్లు ఇరుకు మహారాజా! రేపు వద్దురుగాని!" అంటూ నాగదత్తుడు అడ్డం పడ్డాడు. రాజు ఆగలేదు.

వంటింట్లో చక్కగా అలికిన మట్టి పొయ్యి. దాని పక్కన నల్లరాతి గట్టు. నాగదత్తుడి భార్య కనకాంబ పులుసు దింపుతూ, రాజును చూసి కంగారుగా కొంగు సర్దుకుంది.

"అమ్మా, మీ వంటింట్లో పాలరాయి లేదేం?" అని అడిగాడు రాజు.

కనకాంబకు కోటలో జరిగిన పాలరాతి గొడవ తెలియదు. "పాలరాయా మహారాజా! పెరట్లో గుట్టలుగా పడుంది. వంటింట్లోకి ఎవరు తెస్తారు? చింతపండు చుక్క పడితే చాలు, పాడైపోతుంది. అది చూసే రాయి, వండే రాయి కాదని పెళ్లయిన కొత్తలో మా ఆయనే చెప్పారు."

నాగదత్తుడు తల దించుకున్నాడు.

ఇంతలో పేరమ్మ గట్టు దగ్గరికి వెళ్లి మూలన తడిమింది. అక్కడున్న గుంటలో ఆమె బొటనవేలు సరిగ్గా పట్టింది.

"ఇది నా గట్టు" అంది.

"మొన్ననే తెచ్చారు. కోటలో పారేస్తుంటే, ఇంత మంచి రాయి మళ్లీ దొరకదని మోయించుకొచ్చారు" అంది కనకాంబ.

రాజు ముఖం నల్లబడింది. వెంటనే తీర్పు చెప్పాడు. నాగదత్తుడు ఆరు నెలలు ఆ పాలరాతి వంటింట్లో రోజూ పప్పూ పులుసూ వండాలి. కొత్త మచ్చ పడితే మరో నెల. ఆ తర్వాత పేరమ్మ వైపు తిరిగి, "ఏం వరం కావాలో కోరుకో" అన్నాడు.

"వరం ఎవరికి కావాలి ప్రభూ? నా గట్టు నాకు ఇప్పించండి. నలుగురి ముందూ నా చేతిది తప్పన్నారు. ఆ నలుగురి ముందే తప్పు మీదని చెప్పండి."

మర్నాడు నిండు సభలో రాజు లేచి నిలబడ్డాడు. "తప్పు పేరమ్మ చేతిది కాదు. అడగకుండా ఎంచిన నాది" అని గట్టిగా చెప్పాడు. వెండి గరిటె తన చేతులతో ఆమెకు అందించాడు. ఆమె గట్టును కోటకు తెప్పించి, దాని పక్కన మళ్లీ మట్టి పొయ్యి వేయించాడు. ఆ రోజు నుంచి కోటలోకి ఏ రాయి వచ్చినా, ముందు దాని మీద నిమ్మచెక్క బోర్లించి జాము సేపు ఉంచేవారు. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు.

నీతి: వాడే చేతిని అడగకుండా వస్తువును ఎంచి, అది పాడైనప్పుడు ఆ చేతినే తప్పుపట్టడం అన్యాయం.