అసిరమ్మ మోచెయ్యి

అనగనగా, ఏట్లో నీళ్ళు దోసిట పట్టి తాగే రోజుల్లో, ఏటి దిగువ పల్లెలో అసిరమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆ పల్లెలో ఎవరు పుట్టినా ఆమె చేతుల్లోనే పుట్టాలి. బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసే ముందు, మోచెయ్యి ముంచి చూసేది. "నా మోచేతికి హాయి అయితేనే బిడ్డకు హాయి" అనేది.

ఏటి ఎగువన గవరయ్య షావుకారు రంగుతొట్లు పెట్టాడు. బట్టకు రంగు పట్టడానికి ఏదో మందు తెచ్చాడు. మిగిలిన మందునీళ్ళు ఏట్లోకి వదిలాడు. ఆ నీళ్ళలో ముంచిన అసిరమ్మ మోచెయ్యి భగ్గున మండింది. పొక్కులు లేచాయి. కానీ ఆ పల్లెకు వేరే నీళ్ళేవీ?

ఏట్లో చచ్చి తేలిన చేపల్ని గంపకెత్తుకుని, ఆ ఊళ్ళను ఏలే దొర దగ్గరికి పోయింది.

"చేపలు ఎండకు చస్తాయే. మందుకే చచ్చాయని రుజువేదీ?" అన్నాడు దొర.

ఆ నీళ్ళు తాగి చచ్చిన దూడను బండి మీద వేసుకుపోయింది.

"దిష్టి తగిలిందేమో. రుజువేదీ?"

మూడోసారి కూతురి పసిపాపను చీరలో చుట్టుకుపోయింది. పాపలో ఊపిరి లేదు.

"దాని ఆయుష్షు అంతే. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు. రుజువేదీ?"

ఎన్నడూ గొంతెత్తని అసిరమ్మ ఆ రోజు ఎత్తింది.

"దేవుడి పేరెత్తకు దొరా! పొద్దున లేస్తూనే ఆయనకు దణ్ణం పెట్టేదాన్ని నేను. ఆయన ఏట్లో మందు కలపలేదు. కలిపినవాడు నీ పక్కనే పీటేసుక్కూర్చున్నాడు!"

షావుకారు నవ్వాడు. "ముసల్దానికి మతి పోయింది. ఆ నీళ్ళు పన్నీరు దొరా, పన్నీరు!"

కొన్నాళ్ళకు షావుకారు కోడలికి నొప్పులు వచ్చాయి. అసిరమ్మకు కబురొచ్చింది.

"ఆ ఇంటికా వెళ్తావు, అమ్మా?" అంది కూతురు.

"బిడ్డేం చేసిందే?" అంటూ కదిలింది అసిరమ్మ.

మగబిడ్డ పుట్టాడు. పురిటి స్నానం నాడు దొర వచ్చాడు, ఊరూ వచ్చింది. అసిరమ్మ కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుంది. నీళ్ళ కాగులో చెంబు ముంచింది.

"నీళ్ళెక్కడివే?" అన్నాడు షావుకారు.

"తమరి పన్నీరే బాబూ. తొట్ల కింద రేవులోవి."

షావుకారు ఒక్క దూకు దూకాడు. కాగును కాలితో తన్నాడు. "నా మనవడికి ఆ నీళ్ళా! చంపుతావటే!"

కాగు దొర్లింది.

"దొరా, ఇదుగో రుజువు," అంది అసిరమ్మ. "ఆ నీళ్ళు చంపుతాయని ఈ షావుకారుకు ముందే తెలుసు. నా మనవరాలు పోయిననాడూ తెలుసు." షావుకారు వైపు తిరిగింది. "ఈ కాగులోవి మీ పెరటి బావి నీళ్ళే బాబూ. ఎవరి బిడ్డయినా బిడ్డే. నీ పాపం నేను చెయ్యను."

దొర తల దించుకున్నాడు. తొట్లు మూయించాడు. చాటింపు వేయించాడు: మందు తెచ్చినవాడే అది మంచిదని ముందు చూపాలి, చచ్చినవాళ్ళను మోసుకొచ్చి చెడ్డదని ఎవరూ చూపనక్కర్లేదు అని. చట్టం వచ్చింది. పాప రాలేదు. అసిరమ్మ మోచేతి పుండూ మానలేదు. ఆ పుండుతోనే ఆమె పోయింది.

నేటికీ ఆ ఏటి పక్క ఊళ్ళలో పసిబిడ్డకు నీళ్ళు పోసే ముందు, ఇంటి పెద్దావిడ మోచెయ్యి ముంచి, "చూశావా అసిరమ్మా?" అని అడుగుతుంది. కొత్త మందుతో ఎవడైనా ఏటి ఎగువకొచ్చి "ఏం కాదమ్మా, మంచిదే" అన్నాడా, ఆడవాళ్ళంతా దారికడ్డంగా కూర్చుంటారు. ఒక్కటే మాట అంటారు:

"పన్నీరైతే, ముందు నీ మనవడికి పొయ్యవయ్యా!"